నీళ్ళ కింద మూడు వందల గజాలు

ఇంద్రేశం చుట్టుపక్కల చేలన్నీ ఒకదాని వెంట ఒకటి లేఅవుట్లుగా మారుతున్న ఆ రోజుల్లో, మా ఊరి మగవాళ్ళకు రెండు నడకలుండేవి. ఒకటి అందరికీ ఉండేదే. రెండోది కొలిచే నడక. పెళ్ళికి వెళ్ళినా, చావుకు వెళ్ళినా, ఖాళీ జాగా కనబడితే చాలు, కాళ్ళు వాటంతటవే అంగలు వేసేవి. నాకప్పుడు ఇరవై ఆరేళ్ళు. గడ్డపోతారంలో మందుల ఫ్యాక్టరీలో కెమిస్టుని, ఆదివారాలు పొలం గట్ల మీద మహా మేధావిని. ఆ మేధావితనంతోనే నా చేనుకూ అన్న చేనుకూ నడుమ ఉన్న హద్దురాయిని ఒక అడుగు అన్న వైపుకు జరిపాను. అన్న అడిగితే నాకేం తెలియదన్నాను. అప్పటినుంచి రెండేళ్ళు మా ఇద్దరికీ మాటల్లేవు. (వదిన మాత్రం పండగలకు నా వాటా సకినాలు పంపేది. తింటుంటే ఆ రాయే గుర్తొచ్చేది, అయినా ఒక్కటీ మిగిల్చేవాణ్ణి కాదు.)

ఆ రెండో ఏడు ఉత్పత్తి బాగుందని ఫ్యాక్టరీ వాళ్ళు మా షిఫ్టు మొత్తాన్నీ థాయిలాండ్ తిప్పుకొచ్చారు. మా షిఫ్టు ఇన్‌ఛార్జిది బాపట్ల వైపు, అందరం బాబాయ్ అని పిలిచేవాళ్ళం. సముద్రం తనకు పెరట్లో బావితో సమానమని విమానంలో చెప్పిన ఆ పెద్దమనిషి, పడవెక్కిన పావుగంటకే నా ఒళ్ళో తల పెట్టి దేవుళ్ళందరినీ పేరుపేరునా పిలిచాడు. అలా చేరిన దీవిలో మోకెన్ల పల్లె ఉంది. ఒకప్పుడు పడవల్లోనే పుట్టి, పడవల్లోనే వండుకు తిని, వానాకాలంలో మాత్రం ఒడ్డుకొచ్చే జనమని గైడు చెప్పాడు. ఇప్పుడు గుంజల మీద కట్టిన గుడిసెల్లో ఉంటున్నారు. పాపం, వీళ్ళకు గజం భూమి కూడా లేదని నేను తెగ జాలిపడ్డాను.

జాలిపడుతూనే చూశాను, గుడిసెల ముందు చదునైన ఇసుక. తూర్పు ముఖం. ఇంకేముంది, కాళ్ళు కదిలాయి. అటు పన్నెండు అంగలు, ఇటు ముప్ఫై ఆరు. నా అంగ రెండున్నర అడుగులు, అంటే సరిగ్గా మూడు వందల గజాలు. నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టి, నడుము మీద చేతులుంచుకుని నిలబడ్డాను.

పడవ నీడలో వల బాగుచేసుకుంటున్న ఒక ముసలమ్మ లేచొచ్చి, ఏం చేస్తున్నావని గైడుతో అడిగించింది. ఎవరిది ఎంతవరకో తెలియడానికి ఇలా రాళ్ళు పెడతామని చెప్పించాను. ఆమె ఒకసారి నన్నూ, ఒకసారి సముద్రాన్నీ చూసి ఏదో అంది. గైడు నవ్వాపుకుంటూ చెప్పాడు. ఇంకాసేపట్లో పోటు వస్తుందట, ఈ జాగా మొత్తం నీళ్ళ కిందికి పోతుందట, రాళ్ళు మాత్రం మంచివట.

"కొలిచి కొలిచి సముద్రంలో కొన్నావురా," అన్నాడు బాబాయ్. అప్పటికి ఆయనకు కాస్త ప్రాణం వచ్చింది.

ముసలమ్మ వాటిలో మూడు రాళ్ళు నాచేతే మెరకకు మోయించి పొయ్యి పెట్టింది. నాలుగో రాయి నన్ను కూర్చోమని చూపించింది. చేపలు కాలేలోగా నా ప్లాటు సగం మునిగింది. ముందు చేప ఆమె నాకే ఇచ్చింది. ఆమెకు నేను ఎవరినని? ఒక్క అడుగు కోసం నేను మోసం చేసిన అన్న గుర్తొచ్చాడు. సిగ్గేసింది. పొగ సాకుతో కళ్ళు తుడుచుకున్నాను.

ఊరికొచ్చిన రోజే అన్న దగ్గరికి వెళ్ళాను. బోరు దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు.

"అన్నా, గా రాయి నేనే జరిపిన."

అన్న తలెత్తకుండానే అన్నాడు. "నాకెర్కే. నువ్వే వచ్చి చెప్తవని రెండేండ్లు సూసిన. పా, ఒదిన అన్నం పెడ్తది."

ఇప్పుడు మా రెండు చేలూ లేఅవుట్లే. ఆ హద్దురాయి అన్న ఇంటి వాకిట్లో ఉంది. మోకాళ్ళ నొప్పులొచ్చాక, ఆదివారం వెళితే నేను దాని మీదే కూర్చుంటాను. ఎదురుగా ఇంకా ఒక ఖాళీ జాగా మిగిలింది. కాళ్ళు లేవకపోయినా కళ్ళు వాటి పని మానవు.

"ఎన్ని గజాలొచ్చినయ్‌రా?" అంటాడు అన్న, పక్కనే కూర్చుని.

లెక్క తప్పిందంటాను.