ఆంటీ పొలానికి వైరస్ తెచ్చింది నేనేనా?

నిన్నటి నుంచి నా భయం అదొక్కటే. అమ్మ ఫ్రెండ్ సుజాత ఆంటీ జాబ్ పోయాక, టెక్సాస్‌లో మా ఊరు ఇర్వింగ్‌కి గంట దూరంలో రెండెకరాలు లీజుకి తీసుకుని వేరుశెనగ వేశారు. అనంతపురంలో తాతయ్య ఇచ్చిన విత్తనాలు నేను ఎయిర్‌పోర్ట్‌లో పట్టుకోకుండా సాక్సుల్లో దాచి తెచ్చి, ఎవరికీ చెప్పకుండా చివరి సాలులో నాటాను. ఇప్పుడేమో పొలంలో కొన్ని మొక్కల ఆకుల మీద పసుపు రింగులు. వైరస్ అని నిన్న ల్యాబ్ రిపోర్ట్ వచ్చింది.

“ఆంటీ, అది విత్తనాల్లోంచి వస్తుందా?” అని ఈ రోజు మెల్లగా అడిగాను.

“రాదంట. ఏవో సన్న పురుగులు మోసుకొస్తాయంట. జబ్బు మొక్కలు కొన్నేలే, మిగతా పంట దక్కుతుంది. నువ్వెందుకే ఏడుస్తున్నావ్?”

“అలర్జీ ఆంటీ.”

“పీనట్ అలర్జీనా? మొన్న గిన్నెడు ఉడకబెట్టినవి తిన్నావ్ కదే!”

ఎంత హాయిగా అనిపించిందో! ఇంకెప్పుడూ అలా విత్తనాలు తేను. కానీ ఆంటీకి నిజం మాత్రం చెప్పలేదు, ఈ పేరులేని అకౌంట్‌లో మీకే చెప్తున్నా. మీరైతే చెప్పేసేవాళ్ళా?

అమ్మ తలుపు కొడుతోంది. “లోపల ఏం చేస్తున్నావే?”

“హోంవర్క్” అన్నాను. ఫోన్ దిండు కింద పెట్టేస్తున్నా.