పసుపు కొమ్ముల నడుమ పట్టుచీర

ఆర్మూర్ మార్కెట్ల పసుపు వాసన తగిలితే నాకు అమ్మ పట్టుచీర యాదికొస్తది.

నాకు ఏడేండ్లప్పుడు అమ్మ చనిపోయింది. నాయనమ్మ ఆ చీరను పెట్టెల పెట్టి, మడతమడతకు పసుపు కొమ్ములు ఏసింది.

"పసుపుంటే పురుగు పట్టదు బిడ్డా," అన్నది.

అమ్మ వాసన చూద్దామని ఒకనాడు దొంగతనంగ మూత తీసిన. మడతలల్ల చిన్న చిన్న బొచ్చు పురుగులు పాకుతున్నయి. సీతాకోకచిలుకలైతయనుకొని, ఎవ్వరికీ చెప్పకుండ మూతేసిన.

సంవత్సరీకం నాడు అమ్మ పటం ముందర పెడదామని నాయిన చీర లేపిండు. పట్టంత పురుగులు తిన్నయి. జరీ పోగులే ఆయన చేతిల ఏలాడినయి. నేను పెట్టెల సీతాకోకచిలుకల కోసం దేవులాడిన.

గవి పట్టును, ఉన్నిని తినే పురుగులని పెద్దయినంక తెలిసింది. నాయనమ్మ మాత్రం సచ్చేదాంక, "ఇంకో నాలుగు కొమ్ములు ఏసేదుండె," అనుకుంటనే ఉన్నది.

నేను చూసిన సంగతి ఆమెకు చెప్పనేలేదు.