పక్కన పెట్టిన తెలుపు

ఏళ్లుగా ఒకటి మోస్తున్నాను. చూస్తే వేలెడు లేదు, ఒక పింగాణీ పుల్ల. అయినా దించుకోవడం చేతకాలేదు. మీకు చెప్పి చూస్తాను.

నేను పళ్ల డాక్టర్ని, హైటెక్ సిటీలో. పెరిగింది మాత్రం మూసాపేటలో, మా నాన్న బట్టల కొట్టు వెనక గదిలో. అమ్మడం అక్కడే నేర్చుకున్నాను. వచ్చినవాడు కట్టుకున్న పంచెతోనే తృప్తిగా ఉంటే, నాన్న దాన్ని పల్లెత్తు మాట అనేవాడు కాదు. మల్లెపువ్వులాంటి కొత్త పంచె తెచ్చి పక్కన పరిచేవాడు. మిగతా పని ఆ తెలుపే చేసేది.

పక్కది గాజుల కొట్టు. ఆ ఇంటి పిల్ల సుజాత, నా ఈడుది. పై వరసలో పన్ను మీద పన్ను. అదృష్టమని వాళ్లమ్మ మురిసిపోయేది. సుజాత నోరారా నవ్వితే, బేరం మధ్యలో ఉన్న నాన్న కూడా ఆగి నవ్వేవాడు. ఆ సందులో సాయంత్రమంటే నాకు ఇప్పటికీ గాజుల చప్పుడూ, ఆ నవ్వూ.

నేను క్లినిక్ పెట్టిన కొత్తలో సుజాత వచ్చింది. పళ్లు శుభ్రం చేయమంది, అంతే. గట్టి పళ్లు, వయసుకు తగ్గ లేత పసుపు. రంగు పోల్చే పింగాణీ నమూనా పుల్లలు పంటి పక్కన పెట్టి, దగ్గరగా కలిసేదేదో కిటికీ వెలుగులో చూడాలని మాకు చదువులో చెప్పారు. నేను అన్నిట్లోకీ తెల్లని పుల్ల తీశాను. ఆమె పంటికి ఆనించి, అద్దం చేతికిచ్చాను.

"ఏందిరా, నా పండ్లు గింత పచ్చగున్నయా?"

"నేనేమన్న అన్ననా? నువ్వే చూడు."

"చిన్నప్పటి సంది చూస్తున్నవ్. ఒక్కసారన్న చెప్పలేదేందిరా?"

"అప్పుడు నేను డాక్టర్ని కాదు గదా."

నవ్వబోయి, పెదవులు మూసుకుంది.

ఆ మూసుకోవడం నేను చూశాను. చూసి ఆగానా? పళ్లు అరగదీసి తెల్లని తొడుగులు వేశాను. ఆ పన్ను మీద పన్నును కూడా వరసలో కలిపేశాను. క్లినిక్ కిరాయి కోసమా, నాన్నను మించిన కొడుకుననిపించుకోవడానికా? నాన్న అయితే, పంచె నచ్చలేదంటే మర్నాడు వాపసు తీసుకునేవాడు. అరగదీసిన పన్నును నేనెక్కడినుంచి తెచ్చిచ్చేది?

"మావోడు ఉన్నదున్నట్టు చెప్తడు" అంటూ సుజాత ఇప్పటికీ తెలిసినవాళ్లను నా దగ్గరికి పంపుతుంది. పళ్లు ముత్యాల్లా ఉన్నాయి. నవ్వొస్తే మాత్రం చెయ్యి నోటికి అడ్డం పోతుంది, ఆనాటి నుంచి అదే అలవాటు.

ఆమెకు చెప్పలేదు. చెబితే ఉన్న సంతోషం కూడా పోతుందనుకుంటాను. ఇదీ బేరగాడి లెక్కే, తెలుసు.

సుజాత పళ్లు బాగున్నాయి. ఆ రోజు, నేను పుల్ల తీయకముందే బాగున్నాయి. ఈ చిన్న మాట నా నోట్లోంచి రావడానికి ఇన్నేళ్లు పట్టింది.