తూకం అయినాక దోసెడు

పోయినేడు చలికాలంలో జహీరాబాద్‌లో హైదరాబాద్ బస్సెక్కి, అల్లం సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మాకు మిగిలిన కాస్త చెల్క భూమిలో పండిన అల్లం అది, అమ్మడానికే తీసుకెళ్తున్నాను. “అన్నా, జర జరుగు” అంటూ ఒకాయన పక్కన కూర్చున్నాడు. బయటి దేశాల్లో సూపర్‌మార్కెట్లలో పనిచేసి వచ్చాడట.

“దుబాయ్‌ల కూరగాయలు మేమే తూచి స్టిక్కర్ అంటిస్తుంటిమి. పోలండ్‌ల కొనేటోళ్లే తూకం మిషన్ మీద పెట్టి, ఆ కూరగాయ బొమ్మ ఒత్తి స్టిక్కర్ తీసుకుంటరు. ఏడైనా స్టిక్కర్ పడ్డంక ఒక్క మిరపకాయ ఎక్కువ రాదన్నా. మా మొగుడంపల్లిల పెద్ద పటేల్ ఉంటుండె. తూకం అయినంక రెండు చేతులతోని దోసెడు అల్లం పైన పోస్తుండె. ఆ ఇల్లు చితికిపోయిందంట, పాపం.”

ఆ పెద్ద పటేల్ మా తాత. అమ్మబోయే సంచి ఒళ్లో ఉండగా ఆ మాట చెప్పడం ఇష్టంలేక, దాని మూతి ఇంకాస్త బిగించాను. నడుము నిటారుగా పెట్టి, కిటికీలోంచి చెరకు లారీలను చూస్తూ కూర్చున్నాను.

సదాశివపేటలో ఆయన తన సంచి పట్టుకుని దిగడానికి లేచాడు. నేను సంచి మూతి విప్పి, రెండు చేతులతో దోసెడు అల్లం తీసి ఆయన సంచిలో పోశాను. ఆయన నా చేతులను చూశాడు, తర్వాత ముఖం చూశాడు.

“పోయొస్త పటేలా” అన్నాడు.