జర్మన్ పోలీసు కాయితాలు

షామీర్‌పేట నుంచి మేడ్చల్ పోయే బస్సుల, నా పక్కన కూసున్నామె ఒడిల కాయితాల కట్ట పెట్టుకొని సదువుతాంది. పై కాయితం మీద టోపీ పెట్టుకున్న పోలీసు ఫోటో ఉంది.

“మా ఆయన తాత. మా ఆయనది జర్మనీ. రెండో ప్రపంచ లడాయి కాలంల ఈ తాత ఆడనే పోలీసుల పని చేసిండు,” అన్నది. ఆమెదేమో సూరారం అట.

భర్తీ, బదిలీలు, జరమొస్తే పెట్టిన సెలవు, ఆఖరికి బూట్ల సైజు గూడ అండ్ల ఉన్నది. నా కడుపు మండింది. మా తాత గూడ రజాకార్ల కాలంల నిజాం పోలీసే. ఎన్ని ఆఫీసులు తిరిగినా ఒక్క కాయితం దొరకలే. ఇంట్ల మిగిలింది బెల్టు బిళ్ల, గోడ మీద ఫోటో. మనుమడినై నాకు బిళ్ల, ఇంటికొచ్చిన కోడలికి ఇంత కట్టనా!

“మస్తు నసీబున్నది చెల్లె నీకు,” అన్న, కుళ్లు దాసుకోకుంట.

ఆమె ఒక పేజీ మీద ఏలు పెట్టింది. “గీ నెల యూదులను సంపనీకి రైళ్లెక్కించిన్రు. గా కావలి డ్యూటీల ఈయన ఉన్నడు. మరుసటి నెల ప్రమోషన్.” కట్ట మూసి, “మీ తాత ఫోటోకు దండ ఏస్తరా అన్నా?” అని అడిగింది.

“ఏస్త. ప్రతి పెత్రమాసకు, పెద్దలకు బియ్యమిచ్చే నాడు.”

“మేం ఫోటో తీసేసినం. గోడకు మొల ఒక్కటే ఉన్నది.”

ఆమె మేడ్చల్ చర్చి కాడ దిగిపోయింది.

తాత కాయితాల కోసం నేను మళ్ల ఏ ఆఫీసుకు పోలే. పెత్రమాసకు దండ ఏస్తనే ఉన్న. ఏసేటప్పుడు తాత మొఖం దిక్కు సూస్తలేను.