శాలువాలో చేతులు

అరకులో కొండ పెద్దల పాటలు రికార్డు చేసి దాచే మా ఆఫీసులో ఒక అక్క ఉండేది. కంప్యూటర్ నల్లటి తెర మీద కమాండ్ టైపు చేశాక, ఎంటర్ కొట్టే ముందు రెండు చేతులూ శాలువాలోకి లాక్కునేది. చలికేమో అనుకున్నాను. ఎండాకాలంలోనూ అంతే.

పొడుగు కమాండ్లకు మేం పొట్టి పేర్లు పెట్టుకునేవాళ్లం. నాకు అలియాస్‌లంటే ఇష్టం, రెండక్షరాలు కొడితే లోపలి కమాండ్ కనపడకుండానే పనైపోతుంది. నాలుగైదు కమాండ్ల పనైతే అక్క వాటిని ఒకే పేరు కింద కట్టి ఫంక్షన్ రాసేది. ఫైళ్లు చెరిగిపోయే భయమున్న చోట మాత్రం అబ్రివియేషనే. స్పేస్ కొట్టగానే పొట్టి పేరు పోయి, పూర్తి కమాండ్ కళ్ల ముందు పరుచుకుంటుంది.

"అలియాస్ అయితే బేగి అయిపోద్ది కదక్కా," అన్నాను ఒకసారి.

"బేగి సేసి ఏటి సేత్తావు? లోపలేటుందో సూడాలి గదా," అంది.

ఒకరోజు పాటలన్నీ కొత్త డిస్కులోకి ఎక్కించడానికి ఒక అబ్రివియేషన్ రాసుకుంది. రెండో చోటును అచ్చం మొదటి చోటులా మార్చేసే కమాండ్ అది. స్పేస్ కొట్టి, చేతులు శాలువాలో పెట్టుకుని చదివింది. మొదట ఖాళీ డిస్కు పేరుంది, తర్వాత పాటల ఫోల్డరు. తనే తిరగేసి రాసింది. ఎంటర్ కొట్టి ఉంటే పాటల ఫోల్డరూ ఖాళీ అయిపోయేది. వేరే కాపీ ఇంకా లేదు, అది చేయడానికే కూర్చున్నాం.

అక్క ఒక చెయ్యి బయటికి తీసి ఆ లైను చెరిపేసి, ఒక పాట పెట్టింది. వణికే ముసలి గొంతు. అయ్యేదాకా కదల్లేదు.

"మా అమ్మమ్మ. నిరుడు సచ్చిపోయింది," అంది. తర్వాత రెండో చెయ్యి కూడా బయటికి తీసి, "ఇంకోపాలి ఇందాం," అంది.