లిఫ్టాయన ఇంటి కంప్యూటర్

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది గానీ, వీధిలో ఎవరికీ దానితో పని పడలేదు. అందరికీ ఆయన లిఫ్టాయనే. మీసాలు సరిగా రాని వయసు నుంచీ లిఫ్టులు బాగుచేస్తున్నాడు. పాడైన వస్తువును చూస్తే జాలి, పాడవకుండానే పారేయమనేవాళ్ళను చూస్తే ఒళ్ళుమంట. ఈ రెండు గుణాలతోనే ఆయన బతుకు సాఫీగా సాగింది. ఒక్కసారి మాత్రం ఆ ఒళ్ళుమంట జాలిని మింగేసింది. చెప్పబోయేది ఆ సంగతే.

వాళ్ళ ముందుగదిలో, కిటికీ పక్కన ఒక కంప్యూటర్ ఉండేది. పాతదే గానీ నిక్షేపంలా నడిచేది. తెరిచినప్పుడల్లా అందులో ఒక నోటీసు వచ్చేది. ఈ మెషీన్‌కు కొత్త సిస్టమ్ పట్టదు, ఇకమీదట దీనికి రక్షణ ఉండదు, వేరేది కొనుక్కోండి అని. ఇంట్లో మనిషిని వీధిలోకి గెంటమన్నంత కోపం వచ్చింది లిఫ్టాయనకు. తనకంటే వయసులో పెద్దవైన లిఫ్టులు తన చేతిమీదుగా ఇంకా మనుషుల్ని మోస్తున్నాయి. నడుస్తున్నదాన్ని నడవదని చెప్పడానికి వీళ్ళెవరు అని వారం పాటు సణిగాడు. ఆయన భార్య కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు కొలిచి బిగిస్తుంది, మాటలు కూడా అలాగే కొలిచి వాడుతుంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఒక్క ముక్క అని ఊరుకుంది.

ఒకరోజు లిఫ్టు మరమ్మతుకు వెళ్ళిన ఆఫీసులో అన్నీ ముసలి కంప్యూటర్లే కనిపించాయి, అన్నీ చలాకీగా నడుస్తున్నాయి. కూపీ లాగితే, వాటిలో ఉన్నది లినక్స్ అని తేలింది. ఎక్కడెక్కడివాళ్ళో కలిసి రాసి, కావలసినవాళ్ళు పెట్టుకోండని వదిలేసిన సిస్టమ్. అక్కడి కంప్యూటర్లు చూసుకునే ఆవిడ దాన్ని ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చి, ఎక్కించే పద్ధతి ఓపిగ్గా చెప్పింది. లిఫ్టాయన దాన్ని చొక్కా జేబులో వేసుకుని, జేబు మీద చెయ్యి తీయకుండా ఇంటికొచ్చాడు.

లిఫ్టు పనిలో ఒక కట్టుబాటు ఉంది. లిఫ్టు ఆపే ముందు ప్రతి అంతస్తులోనూ బోర్డు తగిలించాలి. పై అంతస్తులో మోకాళ్ళ నొప్పులవాళ్ళుంటే తలుపు తట్టి మరీ చెప్పాలి. ఇంట్లోనూ అదే పాటించాడు. పనిలో వాడే బోర్డునే తెచ్చి కంప్యూటర్‌కు వేలాడదీశాడు. భార్యను, బొమ్మలు గీసే కూతురిని కూర్చోబెట్టి ఎవరెవరు ఏమేం వాడతారో అడిగాడు. ఫొటోలు, బొమ్మలు వేరే డిస్కులో భద్రం చేశాక పాతదాన్ని తుడిచేసి కొత్తది ఎక్కించాడు. కూతురు మూతి ముడుచుకుంది గానీ, కొత్త బొమ్మల ప్రోగ్రాంలో కుంచెలు ఎక్కువున్నాయని కనిపెట్టాక పిలిచినా పలకడం మానేసింది. వంటింట్లో డబ్బాలన్నీ ఎవరో చోటు మార్చి సర్దినట్టుందని భార్య పెదవి విరిచింది, ఆ తర్వాత వెతుక్కుని వెతుక్కుని అలవాటు పడింది. లిఫ్టాయన ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

ఒక్కరికి మాత్రం ఆయన చెప్పలేదు. వాళ్ళ దగ్గరే ఉండే అత్తగారికి. ఆమె అప్పుడు పెద్దకూతురి ఇంటికి వెళ్ళి ఉంది.

అత్తగారు జీవితమంతా ఒక బేకరీలో కేకుల మీద క్రీముతో పేర్లు రాసింది, పూలు వేసింది. ఎత్తిన చెయ్యి దించకుండా గులాబీ పూర్తిచేసేదట. కిందటేడు పక్షవాతం వచ్చింది. మాట తిరిగొచ్చింది, నడక తిరిగొచ్చింది, కుడిచెయ్యి మాత్రం సగం దారిలో ఆగిపోయింది. కదిలిస్తూ ఉంటే దారికొస్తుంది, వదిలేస్తే బిగుసుకుపోతుందని వ్యాయామం చేయించే డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. రబ్బరు బంతి ఇచ్చి పిసకమంటే అత్తగారు దాన్ని మంచం కిందికి దొర్లించేసింది. ఆమెకు పట్టుబడింది కంప్యూటర్‌లో పేకాట. రోజూ పొద్దున కిటికీ పక్కన కూర్చుని, ఆ చేత్తోనే మౌసు పట్టుకుని, ఒక్కో ముక్కనూ ఈడ్చుకుంటూ తీసుకెళ్ళేది. జారిపోతే మళ్ళీ పట్టుకునేది. అలా వేళ్ళు ఒక్కొక్కటే మాట వినసాగాయి. పేకాటే కదా, కొత్త సిస్టమ్‌లోనూ ఉందిగా అనుకున్నాడు లిఫ్టాయన. పాపం, చెడ్డ ఉద్దేశమేం లేదు. దాన్ని ఒక పనిగా లెక్కవేయలేదు, అంతే.

ఆమె తిరిగొచ్చిన మర్నాడు కంప్యూటర్ ముందు కూర్చుని, కాసేపటికే లేచి మంచం మీదికి వెళ్ళిపోయింది. మళ్ళీ అటు రాలేదు. ఏమైందని అడిగితే ఒకరోజు కళ్ళు లాగుతున్నాయంది, ఒకరోజు విసుగంది. కుడిచెయ్యిని ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చునేది. చూస్తూ చూస్తుండగానే వేళ్ళు లోపలికి ముడుచుకోవడం మొదలుపెట్టాయి. ఆమె స్వెట్టర్ గుండీలు మళ్ళీ లిఫ్టాయన భార్యే పెట్టాల్సి వచ్చింది. భార్య అలా వంగి గుండీలు పెడుతుంటే చూసి లిఫ్టాయన గుండె కలుక్కుమంది. ఎంత కష్టపడి తెచ్చుకున్న చెయ్యి, తన పంతం మూలంగా పోతోంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు తంటాలు మొదలుపెట్టాడు. పాత ముక్కల వీపు ఎరుపు, కొత్తవాటిది నీలం, కాబట్టి ఎరుపు చేశాడు. ముక్కలు పెద్దవి చేశాడు. మౌసు వేగం తగ్గించాడు. పాత ఆటనే కొత్త సిస్టమ్‌లో నడిపించే కిటుకు ఉందని విని సెలవు రోజంతా దానితో కుస్తీ పట్టాడు. ఆట తెరుచుకుంది గానీ, ముక్కలు ఒకచోట పెడితే ఇంకోచోట వాలాయి. చివరికి విసిగి, నా పంతం తగలెయ్య, పాత సిస్టమే పెట్టేస్తాను, నోటీసులు వస్తే రానీ అన్నాడు. భార్య అప్పుడు తలెత్తింది.

"అన్నీ మారుస్తున్నారు. అసలు ఏం నచ్చలేదో కూర్చుని అడిగారా మా అమ్మని?"

అడగలేదు. గుమ్మంలో నిలబడి ఏమైందని అడగడమే గానీ, కూర్చుని అడగలేదు. మర్నాడు పనికి ఆలస్యమైనా సరేనని స్టూలు లాక్కుని అత్తగారి పక్కన కూర్చుని, ఆట తెరిచి, ఎక్కడ ఇబ్బందో చూపించమని బతిమాలాడు. ఆమె మౌసు ముట్టుకోలేదు. ఎడమచేతి వేలితో తెర కింది మూలను చూపించింది. అక్కడ చిన్న అంకెలు. ఆట మొదలైన దగ్గర్నుంచి ఎంతసేపైందో చెబుతూ పెరిగిపోతున్నాయి. పాత ఆటలో అవి లేవు.

"అది నన్ను లెక్కపెడుతోంది అల్లుడుగారూ," అందామె. "డాక్టరమ్మ కూడా గడియారం పట్టుకునే కూర్చుంటుంది. నేనెంత ఆలస్యమో చెప్పేవాళ్ళే అందరూ. ఇక్కడొక్కచోటే ఎవరూ చూసేవాళ్ళు కాదు."

లిఫ్టాయనకు కళ్ళు చెమర్చాయి. ఆ మనిషంటే ఎంత ఇష్టమో ఆయనకే ఆ క్షణాన తెలిసింది. సెట్టింగులన్నీ తిరగేసినా గడియారాన్ని దాచే మీట కనబడలేదు. ఆట రాసినవాళ్ళకు చెబితే మారుస్తారు గానీ, దానికి పట్టే రోజులు పడతాయి. అంతవరకూ ఆ వేళ్ళు ఆగవు. లేచి వెళ్ళి పనిసంచిలోంచి కరెంటు తీగలకు చుట్టే నల్ల టేపు తెచ్చాడు. ఒక ముక్క తెంపి, ఆ అంకెల మీద అంటించి, బొటనవేలితో గట్టిగా ఒత్తాడు. గోటితో పోయేదానికి గొడ్డలి పట్టుకు తిరిగారని భార్య చాలాకాలం ఏడిపించింది.

అత్తగారు టేపును చూసింది, అల్లుడిని చూసింది, ఇక వెళ్ళమన్నట్టు తల ఊపింది. ఆయన వంటింట్లో గోడవార నిలబడి చెవులు రిక్కించాడు. ఎంతకీ చప్పుడు లేదు. పనికి వెళ్ళాలన్న మాటే మర్చిపోయి అలాగే నిలబడ్డాడు. అప్పుడు మౌసు టిక్కుమంది.

ఆట రాసినవాళ్ళకు ఆయన కబురు పెట్టనే పెట్టాడు. మా ఇంట్లో ఒకావిడ చెయ్యి కోలుకుంటోంది, మీ గడియారం ఆమెను బెదిరిస్తోంది అని. కొన్ని నెలలకు కొత్త ఆట వచ్చింది, అందులో గడియారాన్ని దాచే మీట ఉంది. ఇలాంటి చేతులున్నవాళ్ళు ఇంకెంతమందో, వాళ్ళందరికీ అందుతుందది. లిఫ్టాయన పెళ్ళికొడుకులా మురిసిపోతూ వచ్చి, ఇక దీంతో పనిలేదని టేపు పీకబోయాడు. అత్తగారు ఆయన చెయ్యి పక్కకు తోసింది.

కుడిచెయ్యి ఎత్తి, చూపుడువేలి గోరు టేపు అంచు కింద దూర్చింది. గోరు జారింది. మళ్ళీ దూర్చింది. సాయం చేయకుండా ఉండడానికి లిఫ్టాయన చేతులు వెనక్కి కట్టుకుని కిటికీలోంచి వీధిని చూస్తూ నిలబడ్డాడు. ఎంతసేపు పట్టిందో ఆయనకు తెలియదు. తిరిగి చూసేసరికి ఆమె ఊడిన టేపును రెండు వేళ్ళ మధ్య పట్టుకుని ఉంది. ఆ రెండు వేళ్ళతోనే దాన్ని ఆయన అరచేతిలో పెట్టింది.

"గడియారం దాచెయ్యనా అత్తయ్యా?" అన్నాడు లిఫ్టాయన.

"ఉండనివ్వండి," అంది అత్తగారు, మౌసు అందుకుంటూ. "ఇప్పుడు లెక్కపెట్టుకోమనండి."